జిడ్డు కడిగేసిన ఫిల్టరు

అమెరికాలోని మా డబ్లిన్‌లో మనవాళ్ళ ఇంట్లో ఏ వ్రతానికి వెళ్ళినా ప్రసాదం చేతిలో పడేలోపే ఎవరో ఒకరు అడుగుతారు, మీరేం చేస్తారండీ అని. ఫిల్టర్లు చూస్తాను అనేదాన్ని.

"డేటా ఫిల్టర్లా అండీ? ఏ కంపెనీ?"

"కాదండీ, డర్ట్ బైకుల గాలి ఫిల్టర్లు. స్పాంజివి. కడిగి, నూనె పట్టించి, అంచుకి గ్రీజు రాసి మళ్ళీ బిగిస్తాం."

అంతటితో ఆ మనిషికి పులిహోర గుర్తొచ్చేది. పక్కకి తప్పుకునేవాడు. ఇన్నేళ్ళలో ఆ జవాబు విన్నాక ఇంకో ప్రశ్న అడిగినవాళ్ళు నాకు తగల్లేదు.

ఇప్పుడు రిటైరయ్యాక విచిత్రం ఏమిటంటే, అలా తప్పుకున్నవాళ్ళ పిల్లలే నాకు మెసేజ్‌లు పెడుతున్నారు. "ఆంటీ, నేను మోటార్‌సైకిల్ సర్వీస్‌లో చేరాను, టిప్స్ చెప్పండి" అని. వాళ్ళ అమ్మానాన్నలు ఈ సంగతి వ్రతాల్లో చెప్పుకోరనుకోండి. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. నన్ను ఎప్పుడు సర్వీస్ మేనేజర్‌ని చేశారు, నా గదికి తలుపు ఎప్పుడు పెట్టించారు లాంటివి రాయను. వాటివల్ల ఎవరి బండీ స్టార్ట్ కాదు.

నా పేరు రాజ్యలక్ష్మి. చొక్కా మీద కుట్టిన పేరు మాత్రం "రాజ్". మా షాపు డబ్లిన్‌కి తూర్పున, గాలిమరలు కనిపించే కొండల దారిలో ఉండేది. ఫోన్ చేసినవాళ్ళు రాజ్ ఉన్నాడా అనేవాళ్ళు. నేనే రాజ్‌ని అంటే, ఎవరైనా మెకానిక్కుకి ఫోన్ ఇవ్వమ్మా అనేవాళ్ళు. మా నాన్నకి విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు ఉండేదని, నేను గౌన్లు వేసుకునే వయసులోనే ప్లగ్గు విప్పడం నేర్చుకున్నానని వాళ్ళకి ఎక్కడ చెబుతాం. మా మెకానిక్ లూయీస్‌ని పిలిచి ఫోన్ ఇచ్చేదాన్ని. లూయీస్ వాళ్ళ మాట అంతా విని, ఆగండి, రాజ్‌ని అడిగి చెబుతా అనేవాడు.

జిడ్డు అనే మాట గురించి

తెలియనివాళ్ళకి ముందు బండి సంగతి చెప్పాలి. డర్ట్ బైకుకి లైట్లు, అద్దాలు, బుద్ధి ఉండవు. మట్టి దారుల్లో, కొండల్లో ఎగిరి దూకడానికి చేసిన బండి అది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మనకొక సామెత ఉంది కదా. ఆ అడుసు తొక్కడానికే జనం దీన్ని కొంటారు. తర్వాత కాళ్ళు కడగడం మా పని.

ఇంజన్ గాలి పీల్చాలి. ఎండాకాలం చివర మా కొండల్లో గాలిలో సగం మట్టే. గడ్డి ఎండి బంగారం రంగులోకి తిరిగేసరికి నేల సున్నిపిండిలా అయిపోతుంది. ముందు వెళ్ళే బండి లేపిన ఆ పిండిని వెనక బండి మింగుతుంది. అది లోపలికి పోకుండా ఆపేది సీటు కింద ఉండే ఒక స్పాంజి ముక్క.

ఆ స్పాంజి రంధ్రాలు మట్టి రేణువుల కంటే పెద్దవి. కాబట్టి దుమ్ముని ఆపేది స్పాంజి కాదు, దానికి పట్టించిన నూనె. వంటింటి నూనె లాంటిది కాదది. వేళ్ళకి పడితే బంకలా సాగుతుంది. ఒక్కమాటలో చెప్పాలంటే జిడ్డు. తెలుగులో ఈ మాటకి ఒక్క మంచి అర్థం కూడా లేదు. జిడ్డు మొహం అంటాం, జిడ్డు బేరం అంటాం, వదలకుండా వెంటపడేవాణ్ణి జిడ్డుగాడు అంటాం. నా ఉద్యోగం మొత్తం ఆ తిట్టు మీదే నడిచింది.

ఈ సంగతి నాకు చెప్పినవాడు నా మొదటి బాసు వాల్ట్. చెప్పాడు అనడం మర్యాదకి. పొడిగా ఉన్న ఫిల్టరు తెచ్చి నా బల్ల మీద పడేసి, ఇదేమిటి అన్నాడు. శుభ్రమైన ఫిల్టరు అన్నాను. ఇది ఫిల్టరు కాదు, గిన్నెలు తోముకునే స్పాంజి అని వెళ్ళిపోయాడు. ఆ రోజుకి క్లాసు అయిపోయింది. వాల్ట్ అంత చెడ్డ గురువుని నేను చూడలేదు. ఏదీ రెండోసారి చెప్పడు, మొదటిసారి చెప్పింది అర్థం కాదు. ఆడవాళ్ళు షాపులో కాఫీ కాయడానికే పనికొస్తారని చాలాకాలం నమ్మాడు. నా కాఫీ తాగాక ఆ నమ్మకం కూడా పోయింది.

అయినా పద్ధతి అతని దగ్గరే నేర్చుకున్నాను. పెట్రోలుతో కడిగితే స్పాంజిని అతికించిన జిగురు ఊడిపోతుంది, కాబట్టి ముందు ఫిల్టర్లకని అమ్మే క్లీనరుతో మట్టి వదలగొట్టాలి. తర్వాత గోరువెచ్చని సబ్బు నీళ్ళు. పిండేటప్పుడు చీర పిండినట్టు మెలిపెట్టకూడదు, దోసిట్లో పెట్టి నొక్కాలి. పూర్తిగా ఆరేదాకా దాని జోలికి పోకూడదు. తడి ఉన్నచోట నూనె పట్టదు. ఆరాక నూనె పోసి, పసిపిల్లకి తలంటినట్టు మూలమూలలా పట్టించి, ఎక్కువైంది నొక్కి తీసేయాలి. రంగు అంతటా ఒకేలా రావాలి. మేం వాడే నూనె నీలం. ఎక్కడైనా తెల్లగా మచ్చ కనబడితే అక్కడ పట్టలేదన్నమాట.

చివరిది అంచు. చాలామంది నిర్లక్ష్యం చేసేది ఇక్కడే. స్పాంజికి ఎంత నూనె పట్టించినా, అది కూర్చునే గాలి పెట్టెకి ఆనే అంచు దగ్గర సందు ఉంటే దుమ్ము అటునుంచి దర్జాగా పోతుంది. అందుకే అంచు చుట్టూ గ్రీజు రాస్తాం. కజ్జికాయ అంచు సరిగా నొక్కకపోతే మూకుట్లో ఏమవుతుందో మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. ఒకసారి వాల్ట్‌కి చూపిద్దామని కజ్జికాయలు చేసి తీసుకెళ్ళాను. అన్నీ తిని, ఇందులో గ్రీజు ఎక్కడుంది అన్నాడు.

కొబ్బరినూనె కుర్రాళ్ళు

శాంటా క్లారా నుంచి నలుగురు కుర్రాళ్ళు వచ్చేవాళ్ళు. నలుగురూ సాఫ్ట్‌వేర్, నలుగురికీ కలిపి ఒకటే బండి. వీసా స్టాంపింగ్ ఎప్పుడు, లేఆఫ్ ఎప్పుడు అని వారమంతా భయపడి, శనివారం ఈ బండెక్కి ఆ భయం మర్చిపోయేవాళ్ళు. నాకు వాళ్ళంటే ఇష్టమే.

ఒక జనవరి ఉదయం బండి తోసుకుంటూ వచ్చారు. స్టార్ట్ అవుతుంది, ఆక్సిలేటర్ తిప్పితే ఆయాసపడి ఆగిపోతుంది. సీటు తీసి చూస్తే ఫిల్టరు తెల్లగా గడ్డకట్టి ఉంది. వేలితో కొడితే టక్‌మంది.

"ఏం పట్టించారు నాన్నా దీనికి?" అన్నాను.

"ఆయిల్ ఏస్కోమన్నరు గదక్కా, ఏసినం," అన్నాడు వాళ్ళలో వరంగల్ అబ్బాయి.

"ఏ ఆయిల్?"

"కొబ్బరినూనె. ఆర్గానికే అక్కా. కోల్డ్ ప్రెస్డ్."

"మా అమ్మ పంపించింది," అన్నాడు భీమవరం అబ్బాయి, అది అదనపు అర్హత అన్నట్టు.

మా కొండల్లో చలికి కొబ్బరినూనె గడ్డకట్టకుండా ఎలా ఉంటుంది. ఇంజన్‌కి చుండ్రు రాదు నాన్నా, కొబ్బరినూనె మీరు రాసుకోండి అని చెప్పి ఫిల్టరు కడిగించి పంపాను. మాస్టర్స్ డిగ్రీలున్న నలుగురిలో ఒక్కడూ బండితో వచ్చిన పుస్తకంలో ఏ నూనె అని రాసుందో చదవలేదు.

నవ్వుకున్నా, ఈ కేసులో నేర్చుకోవాల్సింది ఒకటుంది. మూసుకుపోయిన ఫిల్టరు మీకు అపకారం చేయదు. బండి మొరాయిస్తుంది, తోసుకుంటూ వస్తారు, అంతే. నూనె లేని శుభ్రమైన ఫిల్టరుతో బండి హాయిగా పరుగెడుతుంది. గాలి ధారాళంగా పోతుంది, దాంతోపాటు మట్టీ పోతుంది. అది పిస్టన్ రింగుల్ని, వాల్వుల్ని అరగదీస్తుంటే పైన కూర్చున్నవాడికి ఈరోజు బండి భలే లాగుతోంది అనిపిస్తుంది.

నిలబెట్టిన మీటింగులు

వాల్ట్ మోకాళ్ళు పోయాక షాపు ప్రదీప్ గారు కొన్నారు. శాంటా క్లారాలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డైరెక్టరుగా చేసి, డర్ట్ బైకుల వీడియోలు చూసి చూసి, ప్యాషన్‌ని ఫాలో అవుదామని వచ్చారు. రోజంతా నిలబడి పనిచేసే మెకానిక్కుల్ని పొద్దున్నే వరసగా నిలబెట్టి, దాన్ని స్టాండప్ మీటింగ్ అన్నారు. కూర్చుని పనిచేసేవాళ్ళకి అది వ్యాయామం కావచ్చు, మావాళ్ళకి శిక్ష. గోడకి పెద్ద టీవీ తగిలించి, ఏ పని ఎంతవరకు వచ్చిందో చూపే డాష్‌బోర్డు పెట్టారు. అందులో బండ్లన్నీ టికెట్లు, మనుషులంతా రిసోర్సులు.

ఆయన నాతో తెలుగులోనే మాట్లాడేవారు. మొదట్లో సంబరంగానే ఉండేది. షాపులో అన్నేళ్ళు ఇంగ్లీషు, స్పానిష్ తప్ప ఏదీ వినని చెవులకి "రాజ్యలక్ష్మిగారూ, టిఫిన్ అయిందా" అని వినిపిస్తే ఎవరికి బాగుండదు. కొన్నాళ్ళకి గమనించాను. టిఫిన్ గురించే కాదు, పక్కన నిలబడ్డ మనిషి గురించి కూడా ఆయన తెలుగులోనే మాట్లాడతారు. ఆ మనిషి వైపు చిరునవ్వుతో చూస్తూనే.

లూయీస్ వాల్ట్ కాలం నుంచి ఉన్నవాడు, యాభై దాటినవాడు. అతనేమీ మహాత్ముడు కాడు. తాగేసిన కాఫీ కప్పులు నా బల్ల మీద వదిలేసేవాడు, శ్రుతి లేకుండా పాడేవాడు, ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న మర్నాడు ఆలస్యంగా వచ్చేవాడు. ఫిల్టర్ల విషయంలో అతని మీద వచ్చిన ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే. నూనె ఎక్కువ పట్టిస్తాడు, కారి ప్యాంటుకి అంటుతోందని.

దసరా తర్వాత వచ్చిన బండి

డబ్లిన్‌లో ఉండే శ్రీనివాస్ గారు, మాధవి గారి అమ్మాయి నిత్య. పదిహేడేళ్ళు. ఇక్కడే పుట్టింది, మా కొండల్లో జరిగే పోటీల్లో మగపిల్లల్ని దాటి వెళ్తుంది. దసరాకి ముందు వాళ్ళ బండికి లూయీస్ సర్వీసింగ్ చేశాడు. దసరా తర్వాత వారం తిరక్కుండానే ఆ బండి ట్రక్కు వెనక పడుకుని వచ్చింది. కంప్రెషన్ లేదు, అంటే ఇంజన్ లోపల ఒత్తిడి నిలవట్లేదు. లూయీస్ గాలి గొట్టంలో వేలుపెట్టి తిప్పి తీస్తే వేలికి మట్టి. లోపలంతా అరిగి ఇంజన్ బోరుకొచ్చింది. నిత్యకి ఆ సీజన్‌లో మిగిలిన ఆఖరి పోటీ పోయింది.

ఫిల్టరు తీస్తే నూనె చుక్క లేదు. అంచుకి గ్రీజు లేదు.

"మీవాడు ఆయిల్ పెట్టడం మర్చిపోయాడు," అన్నారు శ్రీనివాస్ గారు. కోపంగా కూడా కాదు, తీర్పు చదివినట్టు. ఆయన తెలుగు సంఘంలో పెద్ద. ఆయన ఒక మాట అంటే మా షాపుకి వచ్చే మనవాళ్ళలో సగం మంది వేరే షాపుకి వెళ్తారు. అది ప్రదీప్ గారికి బాగా తెలుసు.

నూనె పట్టించాను అన్నాడు లూయీస్. ఎప్పటిలాగే బాగా పట్టించాను అన్నాడు. అతని మాట తప్ప సాక్ష్యం లేదు.

వాళ్ళు వెళ్ళాక ఫిల్టరు చేతిలోకి తీసుకుని చూశాను. మట్టి కింద, పైభాగాన, ఎర్రటి మరక ఒకటి. దాని చుట్టూ పసుపుపచ్చ. ప్రదీప్ గారు కూడా చూశారు.

"అదిగో, కొంచెం రెడ్ ఆయిల్ ఉంది చూడండి. అక్కడొక్కచోటే వేసి వదిలేశాడు."

"మన ఆయిల్ నీలం అండీ," అన్నాను. "ఇది కుంకుమ. ఆయుధపూజకి బొట్టు పెట్టారు. బొట్టు పెట్టారంటే ఫిల్టరు బయటికి తీశారు. మన దగ్గర్నుంచి వెళ్ళాకే ఏదో చేశారు."

ఆయన మరకని దగ్గరగా చూశారు. కుంకుమ తెలియని తెలుగువాడు ఉంటాడా.

"అయినా ఇప్పుడు వాళ్ళని అడిగి ఎంబరాస్ చేస్తామా? మనవాళ్ళు కదా. ఫ్రైడేకి లూయీస్‌ని పంపించేద్దాం. ఎలాగూ స్లో అయ్యాడు."

లూయీస్ నాలుగడుగుల దూరంలో వేరే బండికి గొలుసు వేస్తున్నాడు. తన పేరు వినబడి తల ఎత్తాడు. ఆ మాటలన్నిటిలో అతనికి తెలిసింది ఆ పేరొక్కటే. ప్రదీప్ గారు అతనికి బొటనవేలు ఎత్తి చూపించారు.

ఆ వారమంతా నేను పోట్లాడాను. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తే ఎలాగండీ అన్నాను. తప్పు చేయనివాణ్ణి తీసేస్తే మిగతా మెకానిక్కులు ఉంటారా అన్నాను. స్టాండప్ మీటింగ్ అవగానే, లూయీస్ పక్కనే నిలబడి, అతని పేరు ఎత్తి మరీ వాదించాను. నా గొంతు కూడా పెరిగింది. ప్రదీప్ గారు మాత్రం చల్లగా, మీరు ఎమోషనల్ అవుతున్నారండీ అనేవారు.

గురువారం మాధవి గారు నిత్యతో కలిసి వచ్చారు, ట్రక్కులోంచి దించేటప్పుడు షాపులోనే ఉండిపోయిన హెల్మెట్ కోసం. లూయీస్ వెళ్ళి హెల్మెట్ తెచ్చిచ్చాడు. ఆవిడ అది అందుకుంటూ నాతో అన్నారు:

"ఏమనుకోకండి కానీ వదినా, మీవాళ్ళకి శుభ్రం తక్కువ. సర్వీసింగ్ అని ఇస్తే ఆ స్పాంజి అలా జిడ్డోడుతూ వదిలేస్తారా? పూజకి బండి కడుగుదామని తీస్తే నా చేతులు అంటుకుపోయాయి. డిష్ సోప్ వేసి వేడినీళ్ళతో ఎంతసేపు రుద్దానో, అప్పటికిగానీ వదల్లేదు. అంచుకి కూడా ఏదో మడ్డి. అంతా గీకేసి, ఎండలో పెట్టి, బొట్టు పెట్టి మళ్ళీ లోపల పెట్టేశాను. మావారికి చెప్తే అక్కర్లేదంటారని చెప్పనే లేదు."

నిత్య హెల్మెట్ వైపు చెయ్యి చాపి అలాగే ఆగిపోయింది. "అమ్మా, వెయిట్. నా ఫిల్టర్ నువ్వు వాష్ చేసావా? డిష్ సోప్‌తో?"

"మరి? దేవుడి ముందు ఆ జిడ్డుతో పెడతామా?"

ఆవిడలో తప్పు చేశానన్న ఛాయ లేదు. నిజానికి ఆవిడ పనితనానికి వంక పెట్టలేం. స్పాంజిలో ఒక్క నూనె చుక్క మిగల్చలేదు.

ప్రదీప్ గారు గబగబా ముందుకొచ్చారు. "అయ్యో, దానికేముందండీ. కాఫీ తీసుకుంటారా?" అని, నా వైపు తిరిగి నెమ్మదిగా, "ఇక్కడితో వదిలేయండి" అన్నారు. లూయీస్ మా అందరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఎవరో ఏదో మంచి కబురు చెప్పారేమో అన్నట్టు చిన్నగా నవ్వుతున్నాడు కూడా.

నేను అతని వైపు తిరిగి ఆవిడ అన్నదంతా మొదటి మాట నుంచి ఇంగ్లీషులో చెప్పాను. డిష్ సోప్, వేడినీళ్ళు, గీకేసిన గ్రీజు, బొట్టు. ఫిల్టరు మీద మరక మొదటిరోజే మేమిద్దరం గుర్తుపట్టామని చెప్పాను. శుక్రవారం అతన్ని పంపేయాలనుకున్న సంగతీ చెప్పాను. ప్రదీప్ గారు నేల చూశారు. మాధవి గారు మాత్రం తన పని ఇంగ్లీషులో ఇంకోసారి వినబడుతుంటే అవునవునని తలూపారు, చాలా మురికిగా ఉందండీ అని లూయీస్‌కే ఇంగ్లీషులో చెప్పారు.

మర్నాడు స్టాండప్ మీటింగ్‌లో ప్రదీప్ గారు ఇదంతా ఒక మిస్‌కమ్యూనికేషన్ అని, టీమ్‌కి గొప్ప లెర్నింగ్ అని సెలవిచ్చారు. లూయీస్ ఉద్యోగం ఎక్కడికీ పోదన్నారు. అందరిచేతా చప్పట్లు కొట్టించారు. డాష్‌బోర్డులో నిత్య బండి టికెట్ ఆకుపచ్చ రంగులోకి మారింది.

మీటింగ్ అయ్యాక లూయీస్ నా బల్ల దగ్గరికి వచ్చాడు. నన్ను మెచ్చుకుంటాడని అనుకున్నాను. దాచడమెందుకు, ఎదురుచూశాను.

"ఈ వారమంతా మీరిద్దరూ నా పక్కన నిలబడి మాట్లాడుకున్నారు కదా," అన్నాడు. "నా గురించేనా?"

"నీ గురించే. కానీ నేను నీ తరఫునే మాట్లాడాను లూయీస్. రోజూ పోట్లాడాను."

"నమ్ముతాను," అన్నాడు. "నా తరఫున మాట్లాడేటప్పుడు నాకు తెలిసిన భాషలో మాట్లాడి ఉంటే, నేను కూడా ఒక మాట అనేవాణ్ణి" అన్నాడు.

అతను కోపంగా లేడు. ఉంటే ఏదో ఒకటి సర్దిచెప్పేదాన్ని. నా బల్ల మీదున్న తన కాఫీ కప్పులు అన్నీ ఏరి తీసుకెళ్ళి కడిగి, బోర్లించాడు. తర్వాత టూల్‌బాక్స్ తోసుకుంటూ వెళ్ళి ట్రక్కులోకి ఎక్కించుకున్నాడు. ఉద్యోగం పోయి కాదు, నిలబడ్డాక వెళ్ళిపోయాడు.